జీవకారుణ్యం – మనస్సమాధానం

మాటకూ చేతకూ పొంతన ఉండాలని ప్రతి మనిషీ కోరుకుంటాడు. పొంతన లేనివాడిని లోకం నమ్మదు. అంతకంటె ముఖ్యంగా, తన నడవడిలో పొంతన లేదని తెలిసినవాడికి తన మనస్సే నెమ్మదినివ్వదు. ఈ నెమ్మదిని సంపాదించుకొనడానికి దారులు రెండున్నాయి. నమ్మినదానికి తగినట్లు నడవడిని మార్చుకొనడం ఒకటి. నడుస్తున్నదానికి తగినట్లు నమ్మకాన్ని మార్చుకొనడం రెండవది. మొదటిది కష్టం, రెండవది సులభం. మనుషులలో అధికసంఖ్యాకులు ఏ దారిని ఎన్నుకుంటారో, ఎందుకు ఎన్నుకుంటారో మనస్తత్వశాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. ఆ పరిశోధనల వెలుగులో నోరులేని జీవాల పట్ల మన సమాజం వహిస్తున్న వైఖరిని పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం. ఉదాహరణల కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వీధులే మనకు కావలసినన్ని ఉదాహరణలను సమకూర్చగలవు.

ఒకే దారిలో రెండు న్యాయాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రహదారి వెంట కొన్ని కిలోమీటర్లు పోతే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి కనిపిస్తుంది. ఒకప్పుడు ఇది నిజాం ప్రభువుల వేటమైదానం. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వత్సరాన్ని పురస్కరించుకొని 1975లో దీనికి ఆయన పేరు పెట్టి, ఇక్కడి కృష్ణజింకలకు రక్షణ కల్పించారు. 1994లో ఇది జాతీయ ఉద్యానవనమైంది. సుమారు 14.5 చదరపు కిలోమీటర్ల ఈ వనం చుట్టూ నగరం దట్టంగా పెరిగినా, లోపల జింకలు నిర్భయంగా మేస్తున్నాయి. వేట సాగిన నేల మీద అహింసామూర్తి పేరు నిలవడం మన ప్రాంతానికి గర్వకారణం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం కృష్ణజింక మొదటి షెడ్యూలులోని జంతువు. దానిని వేటాడిన వానికి మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇది న్యాయమే. అయితే ఆ వనం ముందున్న రహదారి మీదనే కాళ్ళు కట్టి, తలక్రిందులుగా స్కూటరుకు వ్రేలాడదీసిన కోళ్ళు పోతుంటాయి. కదలడానికి చోటు లేకుండా క్రిక్కిరిసిన వ్యానులలో గొర్రెలు పోతుంటాయి. అనవసరమైన బాధ కలిగేటట్లు జంతువులను తరలించడం కూడ నేరమేనని జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 చెబుతున్నది. మొదటి తప్పుకు ఆ చట్టం నిర్ణయించిన శిక్ష 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల వరకు జరిమానా. అరవై ఏళ్ళు దాటినా ఆ మొత్తం పెరగలేదు.

జింకకు చట్టమిచ్చిన రక్షణ దాని బాధను చూచి ఇచ్చినది కాదు, దాని కొరతను చూచి ఇచ్చినది. అంతరించిపోయే జాతిని కాపాడడం ఒక ధర్మం; ఏ జాతిదైనా ఒక ప్రాణి పడే బాధను తగ్గించడం మరొక ధర్మం. చట్టం ఈ రెండింటినీ వేరువేరుగా చూడడంలో అర్థం లేకపోలేదు. అయితే సామాన్యుని మనస్సు ఈ రెండింటినీ కలిపివేసి, జింకకు నొప్పి ఎక్కువ, కోడికి నొప్పి తక్కువ అని భావించడం మొదలుపెడుతుంది. మన ప్రశ్న ఇక్కడనే పుడుతున్నది. కోడికి నొప్పి తక్కువ అని మనకు ఎవరు చెప్పారు?

భావ వైరుధ్యం

పరస్పరం పొసగని భావాలను మనస్సు ఎక్కువకాలం మోయలేదనీ, వాటి మధ్య ఒక సమతుల్యతను అది వెదుకుతుందనీ 1946లో ఫ్రిట్జ్ హైడర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. 1957లో అమెరికాకు చెందిన లియోన్ ఫెస్టింజర్ ఈ ఆలోచనను విస్తరించి, కాగ్నిటివ్ డిసొనెన్స్ అనే సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దీనిని మనం భావ వైరుధ్యం అనవచ్చు. రెండు భావాలు ఢీకొన్నప్పుడు మనస్సులో ఒక విధమైన అసౌకర్యం కలుగుతుంది. ఆకలి ఆహారం వైపు నడిపినట్లే ఆ అసౌకర్యం దానిని తగ్గించుకొనే ప్రయత్నం వైపు మనిషిని నడుపుతుంది. ఇదీ ఆ సిద్ధాంత సారాంశం.

ఈ సిద్ధాంతానికి బీజం పడినది మన దేశపు సమాచారం వల్లనేనన్న విషయం గమనింపదగినది. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపం సంభవించింది. ఆ తరువాత వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ అనే భారతీయ మనస్తత్వశాస్త్రజ్ఞుడు సేకరించి అధ్యయనం చేశాడు. భూమి కంపించినట్లు తెలిసినా నష్టమేమీ జరగని ప్రాంతాలలో, ఇంతకంటె పెద్ద ప్రళయం రానున్నదనే వదంతులు విరివిగా వ్యాపించాయి. అసలే భయపడినవారు మరింత భయపెట్టే మాటలను ఎందుకు నమ్మాలి? ఫెస్టింజర్ ఈ ప్రశ్నకు ఇలా సమాధానం ఊహించాడు: వారికి భయం కలిగింది, కాని కళ్ళ ముందు భయానికి తగిన కారణం కనబడలేదు. లేని కారణాన్ని వదంతి సమకూర్చింది. భయమూ కారణమూ సరిపోయాయి; మనస్సు సమాధానపడింది.

1959లో ఫెస్టింజర్, కార్ల్‌స్మిత్ కలిసి చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. విద్యార్థుల చేత ఒక గంటసేపు ఎంతో విసుగు పుట్టించే పని చేయించారు. ఆ పని చాలా సరదాగా ఉందని తరువాత వచ్చేవారికి చెప్పమని, అందుకు కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చారు. చివరికి, ఆ పని నిజంగా ఎట్లా ఉందని అడిగినప్పుడు, బాగానే ఉందని ఎక్కువగా చెప్పినవారు ఒక డాలరు పుచ్చుకున్నవారే. ఇరవై డాలర్లవారికి అబద్ధమాడడానికి తగిన కారణం చేతిలో ఉన్నది. ఒక డాలరువారికి ఆ కారణం లేదు. ఆడిన మాటను వెనుకకు తీసుకోలేరు గనుక వారు తమ అభిప్రాయాన్నే మార్చుకున్నారు. జరిగిపోయిన పనిని మార్చలేనప్పుడు నమ్మకం మారుతుందన్న మాట.

పళ్ళెం ముందు కూర్చున్న మనస్సు

ఇప్పుడీ సిద్ధాంతాన్ని మన విషయానికి అన్వయించి చూద్దాం. 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవారిలో దాదాపు 98.7 శాతం మాంసాహారులు. దేశంలో ఇదే అత్యధికం. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలోనూ తెలంగాణదే మొదటి స్థానం. అవి సుమారు 1.9 కోట్లు. అట్లని మన ప్రజలు కఠినహృదయులని ఎవరూ అనలేరు. గుమ్మం ముందు నిలిచిన ఆవుకు అరటిపండు పెట్టని ఇల్లు, ఎండాకాలంలో పిట్టగోడ మీద పక్షులకు నీళ్ళు పెట్టే ఇల్లాలు లేని వీధి మన ప్రాంతంలో అరుదు. జంతువుల మీద ప్రేమ నిజమే, మాంసం మీద ప్రీతి నిజమే. ఈ రెండు నిజాలు ఒకే హృదయంలో ఎట్లా కాపురం చేస్తున్నాయి?

ఆస్ట్రేలియాలో లఫ్‌నన్, హాస్లమ్, బాస్టియన్ అనే శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన ప్రయోగంలో, కొందరికి ఎండబెట్టిన గొడ్డుమాంసం, కొందరికి జీడిపప్పు తినడానికి ఇచ్చి, ఆ తరువాత జంతువుల గురించి ప్రశ్నలడిగారు. అంతకుముందే మాంసం తిన్నవారు దయకు పాత్రమైన జంతువుల సంఖ్యను తగ్గించి చెప్పారు. ఆవుకు నైతికమైన విలువనూ తగ్గించారు. 2012లో వెలువడిన మరొక పరిశోధనలో, ఒక జంతువు తినదగినదని ఎంతగా భావిస్తే, దానికి మనస్సు అంత తక్కువగా ఉందని జనం భావిస్తున్నట్లు తేలింది. మరికాసేపటిలో మాంసం తినవలసి ఉన్నదని తెలిసినవారు, పండ్లు తినబోయేవారికంటె ఎక్కువగా ఆ జంతువుకు ఆలోచన, అనుభూతి లేవన్నారు. జంతువు మారలేదు, దానిని గురించిన జ్ఞానమూ మారలేదు, భోజనసమయం మాత్రమే దగ్గరపడింది.

ఈ సంగతిని ప్రయోగాలు లేని కాలంలోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ కనిపెట్టాడు. యౌవనంలో ఆయన శాకాహారి. ఒక ఓడ ప్రయాణంలో తోటివారు చేపలను పట్టి వేయించుతుంటే ఆ వాసనకు మనస్సు చలించింది. చేపను కోసినప్పుడు దాని కడుపులో చిన్న చేపలు కనబడ్డాయి. అవి ఒకదానినొకటి తింటున్నప్పుడు తాను వాటిని తినడంలో తప్పేమున్నదని తర్కించి, తృప్తిగా భోజనం చేశాడు. బుద్ధిజీవి కావడంలో ఉన్న సౌకర్యం ఇదేనని, కోరిన ప్రతి పనికీ ఒక కారణం దొరుకుతుందని తన ఆత్మకథలో తనను తానే పరిహసించుకున్నాడు. కోరిక ముందు, కారణం తరువాత. అనేక సందర్భాలలో మన తర్కం కూడ ఈ క్రమంలోనే నడుస్తుంది.

భాష చేసే ఉపకారం

మనస్సు సమాధానపడడానికి భాష గొప్ప సహాయం చేస్తుంది. తెలుగులో కోడికూర, మేకమాంసం అన్న మాటలలో ప్రాణి పేరు మిగిలే ఉన్నది. కాని దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ దుకాణం బోర్డును చూచినా చికెన్, మటన్ అని తెలుగు లిపిలో వ్రాసి ఉంటుంది. మటన్ అనగానే మేక కళ్ళు గుర్తుకు రావు. హైదరాబాదు ఉర్దూలో ఛోటే కా గోష్త్, బడే కా గోష్త్ అంటారు. జంతువు పేరు పోయి దాని పరిమాణం మాత్రమే మిగిలింది. తెలంగాణ పల్లెల్లో పెద్దకూర అనడం కూడ ఇటువంటిదే. రెండు భాషలవారూ ఒకరినొకరు అడగకుండానే ఒకే ఉపాయాన్ని కనిపెట్టారు. మతాలు వేరైనా, లిపులు వేరైనా మనస్సు పనిచేసే తీరు ఒక్కటేననడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

సాహిత్యం దీనికి విరుద్ధమైన పని చేస్తుంది. పేరు పోయిన ప్రాణికి అది తిరిగి పేరునూ గొంతునూ ఇస్తుంది. అనంతామాత్యుని భోజరాజీయంలోని ఆవు–పులి కథ విని, దూడకు పాలిచ్చి మాట తప్పక తిరిగివచ్చిన ఆవు కోసం కంటతడి పెట్టని తెలుగు పిల్లలు తక్కువ. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం ఘంటసాల గొంతులో విని, కోసిన పువ్వు కోసం పెద్దలు సైతం కన్నీరు కార్చారు. అయినా ఆ మరునాడు తెలుగుదేశంలో పూలమ్మేవారి బుట్టలు ఖాళీగా లేవు. దీనినిబట్టి కవిత్వం వ్యర్థమని మేము అనడం లేదు. కదిలిన హృదయానికి వెంటనే చేయదగిన పని ఒకటి దొరకకపోతే, ఆ కదలికే ఒక తృప్తిగా మారి అంతటితో ముగుస్తుందని మాత్రమే మా భావం. జాలిపడ్డాం గనుక మంచివాళ్ళమేనని మనస్సు తీర్పు చెప్పుకుంటుంది. తీర్పు చెప్పిన తరువాత విచారణ ఎందుకు?

ఇరుగుపొరుగు

ఇంతవరకు ఒక్క మనస్సు తనతో తాను చేసుకొనే రాజీని చూశాం. అదే మనస్సు సంఘంలోకి వచ్చినప్పుడు మరింత ప్రమాదకరమైన రాజీ ఒకటి చేసుకుంటుంది. తన ఇంటి హింస అలవాటు వల్ల కనబడదు. ఎదురింటి హింస కొత్త గనుక కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

ఆషాఢంలో బోనాలు వస్తాయి. అమ్మవారికి మేకపోతును సమర్పించే ఆచారం ఉన్నది. బక్రీదుకు ఖుర్బానీ చేసి మాంసాన్ని ఇంటివారికి, బంధువులకు, బీదలకు పంచుతారు. సంక్రాంతికి ఎల్.బి. నగర్ కూడలిలో కోస్తా జిల్లాలకు పోయే బస్సులు నిండిపోతాయి. అక్కడ కొన్ని ఊళ్ళలో కత్తులు కట్టిన కోళ్ళ పందాలు ఎదురుచూస్తుంటాయి. పల్నాటి యుద్ధకథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోళ్ళపోరు ఎంతటి అనర్థానికి దారితీసిందో తెలుగువారందరికీ తెలిసినదే. ఈ మూడు పండుగలలో ప్రాణి పడే బాధను గురించి మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. కాని వారిలో ఎక్కువమంది మాట్లాడేది ఇతరుల పండుగను గురించే. కారుణ్యం పేరుతో మొదలైన ఆ సంభాషణ రెండు నిమిషాలలో మేకను మరచిపోయి మనుషుల మీదికి మళ్ళుతుంది.

చట్టం కూడ ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడదు. దేవాలయ ఆవరణలలో జంతువులనూ పక్షులనూ బలి ఇవ్వడాన్ని నిషేధించే 1950 నాటి చట్టం ఒకటి మనకున్నది. 1960 నాటి క్రూరత్వ నివారణ చట్టంలోని 28వ సెక్షను ఏ మతస్థులైనా తమ మతవిధి ప్రకారం ప్రాణిని వధించడం ఆ చట్టం క్రింద నేరం కాదంటున్నది. కోడిపందాలను అదే చట్టం నిషేధిస్తున్నది. కళాక్షేత్ర స్థాపకురాలు, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ 1950 దశకంలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు ఈ 1960 చట్టానికి దారితీసింది. ఆమె ఆశయం ఉన్నతమైనదే. అయినా ఆహారానికీ, మతానికీ మినహాయింపులు లేకుండా ఆ చట్టం ఆనాడు వెలువడడం సాధ్యపడేది కాదు. చట్టం సమాజపు మనస్సుకు అద్దం. మనస్సులోని మడతలు అద్దంలోనూ కనబడతాయి.

మతాలు బోధించినది మాత్రం పొరుగువాని మీద తీర్పు చెప్పమని కాదు. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురి అయిందని, దాహంతో అలమటించే కుక్కకు నీరు పోసిన వ్యక్తి పాపాలు క్షమింపబడినవని ఇస్లాం సంప్రదాయంలోని హదీసులు చెబుతున్నవి. జబహ్ చేసేవాడు కత్తిని పదును పెట్టుకొని ప్రాణికి బాధ తగ్గించవలెనన్న ఆదేశమూ అందులోనే ఉన్నది. జైన, బౌద్ధ ధర్మాలకు అహింస పునాది. ఇంటిలో వండిన అన్నంలో కొంత కాకికీ కుక్కకూ తీసిపెట్టడం హిందూ గృహస్థధర్మంలో భాగం. ఈ బోధలన్నిటిలోనూ ప్రశ్న వేసినది ఆచరించేవానినే. పక్కవాని కత్తి పదునును పరీక్షించమని ఏ బోధా చెప్పలేదు.

వీధికుక్కల సమస్య

ఈ చర్చ కేవలం పుస్తకాలకు సంబంధించినది కాదని మన తూర్పు హైదరాబాదుకు ఒక విషాదం తెలియజేసింది. 2023 ఫిబ్రవరిలో, దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలోనే ఉన్న అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో మరణించాడు. ఆ దృశ్యం కెమెరాలో నమోదై రాష్ట్రమంతా చూసింది. తెలంగాణ హైకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని విచారణకు చేపట్టింది. తల్లిదండ్రులు పిల్లలను వీధిలోకి పంపడానికి భయపడ్డారు. ఆ భయం న్యాయమైనది. రేబీసు సోకి లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసంభవం. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాల పాటు కడిగి టీకా వేయించుకొనడమే రక్షణ.

కాని భయం ఎక్కడ ఆగింది, వదంతి ఎక్కడ మొదలైంది? బీహారు భూకంపం నాటి సంగతిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక దారుణం జరిగిన తరువాత, ఎన్నడూ ఎవరినీ కరవని కుక్క సైతం మనిషిని తినడానికే పొంచి ఉన్నదనే మాటలు వ్యాపిస్తాయి. భయానికి తగినంత కారణం కావాలి గదా! మరొకవైపు, రోజూ కుక్కలకు అన్నం పెట్టేవారు తమ ప్రేమకు తగిన నమ్మకాన్ని కట్టుకుంటారు; కవ్వించనిదే ఏ కుక్కా కరవదని, తప్పంతా మనుషులదేనని వాదిస్తారు. నాలుగేళ్ళ పసివాడు ఏమని కవ్వించి ఉంటాడు? ఇరుపక్షాల మాటలూ వాస్తవం నుంచి పుట్టినవి కావు. తమ వైఖరిని కాపాడుకొనే అవసరం నుంచి పుట్టినవి.

వాస్తవం మధ్యలో ఉన్నది. 2001 నాటి నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలూ, కుక్కలను పట్టి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబీసు టీకా వేసి, పట్టిన చోటనే వదలమంటున్నవి. చంపడం వల్ల సంఖ్య నిలకడగా తగ్గదు. ఖాళీ అయిన చోటికి, అక్కడి చెత్తకుప్పల ఆహారం కోసం, కొత్త కుక్కలు వస్తాయి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఆదేశించిన సుప్రీంకోర్టు, అదే నెల 22న ఆ ఉత్తర్వును సవరించి, రేబీసు సోకినవీ ఉగ్రస్వభావం గలవీ తప్ప తక్కిన వాటిని చికిత్స అనంతరం వాటి చోటనే వదలమన్నది. అదే సంవత్సరం నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను తొలగించి తిరిగి అక్కడ వదలరాదన్నది. కొద్ది నెలలలో ఇన్ని మలుపులు తిరగడం సమస్య ఎంత జటిలమైనదో తెలుపుతున్నది. నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో నగరపాలక సంస్థ నడిపిన జంతు సంరక్షణ కేంద్రం వంటి చోట్ల జరిగే శస్త్రచికిత్సలు, సమయానికి ఎత్తివేసే చెత్త — ఈ రెండూ ఉపన్యాసాలకంటె పిల్లలనూ కుక్కలనూ ఎక్కువగా కాపాడగలవు.

ఇక్కడ మరొక చారిత్రక విషయం స్మరింపదగినది. పాతతరంవారు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్నారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ టీకాను గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారు. 2005 నాటికి మన దేశంలో దాని తయారీ నిలిచిపోయి, కణజాల వర్ధనంతో తయారైన మేలైన టీకాలు వచ్చాయి. ఇన్ని దశాబ్దాలు కుక్కను గురించి వాదించుకున్నవారిలో ఎందరికి ఆ గొర్రె గుర్తుకు వచ్చింది? మనిషిని కాపాడడానికి ఆ టీకా అవసరమే. మేము కాదనడం లేదు. మన దృష్టి పడిన ప్రాణి మాత్రమే మన వాదంలోకి వస్తుందని, దృష్టి పడనిది మౌనంగా ప్రక్కకు తొలగిపోతుందని చూపడమే మా ఉద్దేశం.

పొంతన ఒక్కటే చాలునా?

ఇంతవరకు చదివిన పాఠకులకు ఒక సందేహం కలుగవచ్చు. వైరుధ్యమే దోషమైతే, పొంతన సాధించినవాడు ధర్మాత్ముడు కావాలి గదా? మేకను కోస్తున్నాం గనుక కుక్కను గురించి విచారించడం కపటం అని కొందరంటారు. ఈ వాదంలో పొంతన సంపూర్ణంగా ఉన్నది. కాని ఆ పొంతన క్రిందికి దిగి సాధించినది. ఉన్న కాస్త దయను కూడ రద్దుచేసి లెక్క సరిచేసినట్లయింది. కుక్కను ప్రేమిస్తున్నాం గనుక మేక బాధను గురించి కూడ ఒకింత ఆలోచించాలని మరొకరనవచ్చు. ఇదీ పొంతన కోసమే. కాని ఇది పైకి ఎక్కి సాధించేది. తూకం సరిచేయడానికి బరువైన తట్ట నుంచి తీసివేయవచ్చు, తేలికైన తట్టలో వేయనూవచ్చు. మనిషి గుణం తెలిసేది ఈ ఎంపికలోనే.

వైరుధ్యాన్ని దాచకుండా, క్రిందికి దిగకుండా, పైకి ఎక్కడానికి ప్రయత్నించిన ఒక ఉదాహరణ మన తెలుగునేల మీదనే రాతిలో చెక్కబడి ఉన్నది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలున్నవి. 1929లో అవి వెలుగులోకి వచ్చాయి. వాటిలోని మొదటి శాసనంలో చక్రవర్తి తన వంటశాల లెక్కను ప్రజల ముందుంచాడు. లోగడ అక్కడ ప్రతిదినం లక్షలాది ప్రాణులను వధించేవారనీ, ఇప్పుడు మూడింటినే వధిస్తున్నారనీ, అవి రెండు నెమళ్ళు, ఒక జింక అనీ, ఆ జింక సైతం ప్రతిదినం కాదనీ, ఇకముందు ఆ మూడింటిని కూడ వధించరనీ అందులో ఉన్నది. అహింసను బోధించే ప్రభువు తన వంటింటిలో ఇంకా మూడు ప్రాణులు చస్తున్నవని దాచవచ్చు. లేదా నెమలికి బాధ తెలియదని ఒక శాసనం చెక్కించవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. ఎంతవరకు వచ్చాడో చెప్పాడు, ఎక్కడికి పోదలచాడో చెప్పాడు.

చిన్న పని విలువ

నమ్మకం నడవడిని అనుసరిస్తుందన్న నియమం మన బలహీనత వలెనే మన బలం కూడ కాగలదు. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియాలో కొందరు గృహస్థులను, వాహనాలను జాగ్రత్తగా నడపమనే పెద్ద బోర్డును తమ ముంగిట పెట్టనిమ్మని అడిగారు. నేరుగా అడిగినప్పుడు 17 శాతం మాత్రమే ఒప్పుకున్నారు. అదే ఉద్దేశంతో మొదట ఒక చిన్న చీటీ అంటించుకొనడానికి ఒప్పుకున్నవారిని రెండువారాల తరువాత అడిగితే 76 శాతం ఒప్పుకున్నారు. చిన్న పని చేసినవాడు తనను ఆ పనికి తగిన మనిషిగా భావించుకుంటాడు. ఆ భావన తరువాతి పనిని సులభం చేస్తుంది. హింసకు అలవాటుపడిన మనస్సు కారణాలను వెదకుకున్నట్లే, దయకు అలవాటుపడిన మనస్సు కూడ కారణాలను వెదకుకుంటుంది.

కనుక విద్యార్థులకు మేము చేయగల సూచన సామాన్యమైనది. మాంసం తినాలా, మానాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. తినేవారు కోడిని తలక్రిందులుగా వ్రేలాడదీయకుండా బుట్టలో తెమ్మని దుకాణదారుని అడగవచ్చు; కొనేవాని మాటను అమ్మేవాడు వింటాడు. తిననివారు పాలిచ్చే గేదె, దాని దూడ ఎట్లా బ్రతుకుతున్నవో విచారించవచ్చు. కుక్కలకు అన్నం పెట్టేవారు వాటికి శస్త్రచికిత్స, టీకా జరిగే బాధ్యతను కూడ తీసుకోవచ్చు. పసిపిల్లలు ఆడుకునే చోటికి దూరంగా అన్నం పెట్టవచ్చు. కుక్కలంటే భయపడేవారు రాయి విసరడానికి బదులు చెత్తకుప్పను గురించి నగరపాలక సంస్థకు ఒక అర్జీ వ్రాయవచ్చు. పండుగనాడు ఇంటిలో ప్రాణిని వధించేవారు దానికి నీళ్ళు, నీడ, పదునైన కత్తి సమకూర్చి, ఒక ప్రాణి ఎదుట మరొకదానిని వధించకుండా చూడవచ్చు. ఇవి గొప్ప త్యాగాలు కావు. కాని ప్రతి పనీ ఆ ప్రాణికి బాధ ఉన్నదని చేతితో ఒప్పుకొనడమే. చేయి ఒప్పుకున్న సంగతిని మనస్సు తరువాత కాదనలేదు.

దిల్‌సుఖ్ అనే మాటకు మనస్సుకు సుఖమని అర్థం. ఆ సుఖం కళ్ళు మూసుకొన్నా దొరుకుతుంది, కళ్ళు తెరిచి చేయగలిగినంత చేసినా దొరుకుతుంది. మొదటిది త్వరగా దొరికినా, ఎదురింటివారి వైపు వ్రేలు చూపుతూ ప్రతిదినం కాపాడుకోవలసినది. రెండవదానికి ఆ కావలి అక్కరలేదు.